మార్చిన ఇంటర్‌ఫేస్‌ను వాడేవారి పక్కన కూర్చుని పరీక్షించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

డిజైన్ మార్చారు. జట్టులో అందరికీ నచ్చింది, పైవారూ సరేనన్నారు. ఇక మిగిలింది, దాన్ని తయారు చేయని మనిషి ఒకరు దాని ముందు కూర్చుని తన పని తాను చేసుకోగలుగుతున్నారో లేదో కళ్లారా చూడడం.

సరికొత్త ఉత్పత్తిని పరీక్షించేటప్పుడు ‘మనుషులు దీన్ని వాడగలరా’ అన్న ప్రశ్న చాలు. ఉన్నదాన్ని మార్చినప్పుడు మరో రెండు ప్రశ్నలు తోడవుతాయి. పాతదానికంటే ఇది నిజంగా మెరుగ్గా ఉందా? పాతదానికి అలవాటుపడ్డవారు ఇప్పుడు పడుతున్న ఇబ్బంది కొన్నాళ్లలో పోయేదా, ఉండిపోయేదా? ఈ చివరి ప్రశ్నను తేల్చని పరిశీలన రెండు విధాలా దారి తప్పిస్తుంది. అలవాటు వల్ల వచ్చిన తడబాటును చూసి కంగారుపడి మంచి డిజైన్‌ను వెనక్కి తీసుకుంటారు. లేదా అసలైన లోపాన్ని చూసి కూడా ‘అలవాటైతే అదే సర్దుకుంటుంది’ అని వదిలేస్తారు. నా దృష్టిలో రెండోదే ఎక్కువ హాని చేస్తుంది. ఆ మాటతో సర్దిచెప్పుకున్న లోపం వైపు మళ్లీ ఎవరూ చూడరు.

విషయం స్పష్టంగా ఉండడానికి మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం: డాక్టరు అపాయింట్‌మెంట్లు తీసుకునే మొబైల్ యాప్. పాత డిజైన్‌లో ముందు డాక్టరు పేరు వెతికి, తర్వాత తేదీ, ఆ తర్వాత సమయం ఎంచుకునేవారు. కొత్త డిజైన్‌లో ముందు విభాగం ఎంచుకుంటే, అందరికంటే ముందుగా ఖాళీ ఉన్న డాక్టరు పైన కనిపిస్తారు. ‘నా అపాయింట్‌మెంట్లు’ అన్న బటన్ స్క్రీన్ అడుగున కుడి మూల ఉండేది. ఇప్పుడు పైన మెనూలోకి వెళ్లింది.

ఏ నిర్ణయం కోసం చూస్తున్నారో ముందు రాసుకోండి

‘కొత్త డిజైన్ బాగుందా?’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే చివరికి చేతికి వచ్చేవి అభిప్రాయాలే. ప్రశ్న చూసి తేల్చగలిగేదిగా ఉండాలి. యాప్‌ను ఎప్పుడూ వాడనివారు ఎవరి సాయమూ లేకుండా అపాయింట్‌మెంట్ తీసుకోగలరా? తమ డాక్టరు దగ్గరికే వెళ్లాలనుకునే పాతవారు ఆ డాక్టరును కనుక్కోగలరా? తేదీ మార్చుకోవడం పాతదానికంటే త్వరగా అవుతుందా? ఇలాంటివి మూడు నాలుగు చాలు.

ప్రశ్నలు తోచకపోతే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) వెలువరించిన 9241-11 ప్రమాణం ఇచ్చే నిర్వచనం పనికొస్తుంది. 1998లో వచ్చి 2018లో సవరించిన ఆ ప్రమాణం వాడకంలోని సౌలభ్యాన్ని మూడుగా విడదీసి చూస్తుంది: అనుకున్న పని సరిగా, పూర్తిగా అయిందా, దానికి ఎంత సమయం, శ్రమ పట్టాయి, వాడినవారు తృప్తి పడ్డారా. అది కూడా ఫలానా వాడుకరులు, ఫలానా పని, ఫలానా పరిస్థితి అన్న హద్దుల్లోనే. అందరికీ, అన్నిచోట్లా సులువైన ఇంటర్‌ఫేస్ అంటూ ఉండదన్నది ఆ నిర్వచనంలోనే ఇమిడి ఉంది.

ప్రతి ప్రశ్న పక్కన ఇంకొక వాక్యం రాయండి: ఫలితం ఇలా వస్తే ఏం మారుస్తాం? ఏ ఫలితం వచ్చినా ఏమీ మార్చబోమని తేలితే ఆ ప్రశ్నను కొట్టేయండి. పిలిచినవారి సమయం దాని మీద ఖర్చు చేయకూడదు.

పాతదాన్ని తీసేయకముందే కొలవండి

చాలా జట్లు వదిలేసే మెట్టు ఇది. కొత్త డిజైన్‌లో తేదీ మార్చడానికి రెండు నిమిషాలు పట్టిందనుకోండి. అది మెరుగో కాదో దేనితో పోల్చి చెబుతారు? పాత డిజైన్ మీద అవే పనులు, అలాంటి మనుషులతోనే చేయించి అంకెలు రాసిపెట్టుకోవాలి. పాతది ఆపేశాక ఈ అవకాశం మళ్లీ రాదు.

ఒకే మనిషితో రెండూ వాడించాలా, ఒక్కొక్కటి వేరువేరు మనుషులతోనా? ఒకే మనిషి అయితే వ్యక్తుల మధ్య తేడాలు అడ్డురావు, తక్కువ మందితో సరిపోతుంది. కానీ మొదట వాడినదాని ప్రభావం రెండోదాని మీద పడుతుంది. కాబట్టి సగం మందికి పాతది ముందు, మిగతా సగానికి కొత్తది ముందు ఇవ్వండి. పని ఒకటే అయినా వివరాలు మార్చండి: ఒకసారి కంటి డాక్టరు, ఇంకోసారి పళ్ల డాక్టరు. చిన్న జట్టుకు నేను ఇదే సూచిస్తాను. వేరువేరు మనుషులతో చేస్తే పోలిక శుభ్రంగా ఉంటుంది గానీ, నమ్మదగిన తేడా కనిపించాలంటే చాలా ఎక్కువ మంది కావాలి.

ఏళ్ల తరబడి పాతది వాడినవారు మొదటి ప్రయత్నంలో దాంతోనే వేగంగా పని ముగిస్తారు. దాని నుంచి ఏ తీర్పూ ఇవ్వలేం. వారి విషయంలో కొత్తదాని మీద మొదటి ప్రయత్నానికీ మూడో ప్రయత్నానికీ మధ్య సమయం ఎంత తగ్గిందన్నదే చూడాల్సిన అంకె.

ఎవరిని, ఎంతమందిని పిలవాలి

కనీసం రెండు గుంపులు కావాలి: పాత డిజైన్‌కు బాగా అలవాటుపడ్డవారు, దాన్ని ఎప్పుడూ చూడనివారు. వీలైతే మూడోది కూడా: ఆరు నెలలకు ఒకసారి తెరిచేవారు. పాతది సగం మరిచిపోయి, కొత్తది అసలే తెలియక ఇబ్బందిపడేది వీరే.

అయిదుగురు చాలన్న మాట ఈ రంగంలో అందరి నోటా వినిపిస్తుంది. దాని వెనక 1993లో నీల్సెన్, లాండావర్ అనే పరిశోధకులు ప్రచురించిన లెక్క ఉంది. ఒక్కొక్క మనిషి సగటున 31 శాతం సమస్యలను బయటపెడితే, అయిదుగురు కలిసి సుమారు 85 శాతం బయటపెడతారు. కానీ ఆ 31 శాతం వారు చూసిన ప్రాజెక్టుల సగటు. మీ ఇంటర్‌ఫేస్‌లో అది ఇంకా తక్కువ కావచ్చు. 2003లో లారా ఫాక్నర్ అనే పరిశోధకురాలు 60 మందిని పరీక్షించి, వారిలోంచి యాదృచ్ఛికంగా అయిదుగురి చొప్పున తీసి చూశారు. సగటు 85 శాతం దగ్గరే వచ్చింది, కానీ కొన్ని గుంపులు 55 శాతమే పట్టుకున్నాయి. పదిమంది చొప్పున తీసినప్పుడు అతి తక్కువ 80 శాతం. అందుకే నా సలహా: ఒక్కో గుంపు నుంచి అయిదుగురు, దొరికిన లోపాలు సరిచేశాక మళ్లీ కొత్తగా అయిదుగురు. ఒకే విడతలో ఇరవైమందిని కూర్చోబెట్టడం కంటే ఇది ఎంతో మేలు. మొదటి విడతలో అందరూ ఒకేచోట ఆగిపోతుంటే, ఆ తర్వాతి తెర మీద ఉన్న లోపాల దాకా ఎవరూ చేరరు.

మీ సంస్థలో పనిచేసేవారిని పిలవకండి. లోపలి పదాలు వారికి ముందే తెలుసు. వడపోత ప్రశ్నల్లో ‘మీరు ఈ యాప్ వాడతారా?’ అని అడిగితే ఎంపిక కావాలనుకునేవారు అవునంటారు. ‘గత మూడు నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చినప్పుడు సమయం ఎలా తీసుకున్నారు?’ అని అడగండి. పెద్ద అక్షరాలు పెట్టుకుని వాడేవారు, తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడేవారు, పాత ఫోను వాడేవారు మొదటి విడత నుంచే ఉండాలి. వారిని చివరి విడతకు వాయిదా వేస్తే, వారికోసం మార్చడానికి అప్పటికి ఏమీ మిగలదు.

కొందరు చెప్పిన వేళకు రారు కాబట్టి ఒకరిద్దరిని అదనంగా పెట్టుకోండి. ఇస్తామన్న పారితోషికం పని పూర్తిచేసినా చేయకపోయినా ఇస్తామని ముందే చెప్పండి.

పనులు రాయడం

పరిశీలన నిలిచేదీ కూలేదీ ఇక్కడే. ఈ రెండు వాక్యాలు పోల్చి చూడండి.

‘మెనూలోకి వెళ్లి, నా అపాయింట్‌మెంట్లలో, సమయం మార్చండి అన్నది నొక్కండి.’

‘వచ్చే మంగళవారం ఉదయం పదింటికి మీరు పళ్ల డాక్టరును కలవాలి. ఆరోజు మీకు ఊరు వెళ్లాల్సిన పని పడింది. ఇప్పుడు ఈ యాప్‌లో ఏం చేస్తారో చేయండి.’

మొదటిది చదవగలిగినవారెవరైనా చేసేస్తారు. డిజైన్ గురించి ఏమీ తెలియదు. రెండోదానిలో పరిస్థితి మాత్రమే ఉంది. మార్చుకోవాలా, రద్దు చేసుకుని కొత్తగా తీసుకోవాలా అన్నది కూడా వారే నిర్ణయించుకుంటారు. తెర మీద ఉన్న పదాలు పనిలో కనిపించకూడదు. ‘మార్చు’ అన్న మాట మీరు పలికితే వారి కళ్లు ఆ అక్షరాల కోసమే వెతుకుతాయి.

ప్రతి పనికీ మీ దగ్గర మాత్రమే ఉండే కాగితం మీద మూడు సంగతులు రాయండి. ఏ తెర, ఏ స్థితి వస్తే పని అయినట్టు? ఎంతసేపటికి ఆపాలి? ఎంత సాయం చేస్తే అది సాయంతో అయిన పనిగా లెక్క? పరీక్షకు కూర్చున్నాక వీటిని తేల్చుకోబోతే జాలి తీర్పు చెబుతుంది, కొలత కాదు.

గంటకు అయిదారు పనులు చాలు. సులువైనది ముందు. వాటిలో ఒకటి మార్పు ఏమీ జరగని భాగానికి చెందినది కావాలి, ఉదాహరణకు ఫోను నంబరు సరిచేసుకోవడం. అక్కడ కూడా అందరూ తడబడుతుంటే తప్పు కొత్త డిజైన్‌ది కాకపోవచ్చు. పని రాసిన తీరో, ఇచ్చిన ఫోనో, గదిలోని బిగువో కారణం కావచ్చు. పాత డిజైన్ బాగా చేసిన పని ఒకటి కూడా చేర్చండి. బాగున్నది చెడిందేమో చూసే ఆలోచన సాధారణంగా ఎవరికీ రాదు.

సన్నాహం

వీలైతే వారి ఫోనే వాడనివ్వండి. లేకపోతే వారికి అలవాటైన రకం ఇవ్వండి. లోపల నమూనా వివరాలు నిజంలా ఉండాలి: ‘డాక్టరు ఒకటి, డాక్టరు రెండు’ అని ఉన్న జాబితాలో వెతకడం అసలు వెతకడమే కాదు. ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చే ముందు యాప్‌ను మొదటి స్థితికి తేవడానికి ఒక చిట్టా పెట్టుకోండి. ముందువారు రద్దు చేసిన అపాయింట్‌మెంట్ తర్వాతివారికి కనిపించకపోతే ఆ గంటంతా పోయినట్టే.

సమ్మతి పత్రం ఒక పేజీకి మించకూడదు: ఏం రికార్డు చేస్తాం, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తాం, ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు. ఆరోగ్యం, డబ్బు వంటి సొంత వివరాలు తెర మీదికి రాకుండా నమూనా ఖాతా ఇవ్వండి.

ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు రాయాలి. రెండూ ఒకరే చేస్తే రెండూ సగంసగమే అవుతాయి. చూడాలనుకునే మిగతావారు వేరే గది నుంచి చూడాలి. అసలైన పరిశీలనకు ముందు ఒకరితో పూర్తి రిహార్సల్ చేయండి. దాని ఫలితాలను లెక్కలో కలపకండి.

పక్కన కూర్చున్నప్పుడు

మొదటి మాటలు కాగితం మీద రాసుకుని అందరికీ ఒకేలా చెప్పండి. ‘మేం పరీక్షిస్తున్నది యాప్‌ను, మిమ్మల్ని కాదు. ఎక్కడైనా ఇబ్బంది అనిపిస్తే అది మాకు తెలియాల్సిన సంగతి. దీన్ని నేను తయారు చేయలేదు, మీరేమన్నా నేను నొచ్చుకోను.’ చివరి వాక్యం నిజమైతేనే చెప్పండి. డిజైన్ చేసినవారే పక్కన కూర్చోకపోవడం మంచిది.

మనసులో అనుకుంటున్నది పైకి చెబుతూ పనిచేయమనడం పాత పద్ధతి. దానికి ఎరిక్సన్, సైమన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1980లో సిద్ధాంత బలం ఇచ్చారు. ఐబీఎంలో క్లేటన్ లూయిస్ 1982లో ఇంటర్‌ఫేస్‌ల పరీక్షకు దాన్ని తెచ్చారు. అదెలాగో ముందు మీరు వేరే యాప్ మీద అర నిమిషం చేసి చూపించండి. అయితే మాట్లాడుతూ పనిచేస్తే సమయం మారుతుంది. కాలం కొలిచే పనిలో పైకి ఆలోచించమనకండి. ఆ రెండింటినీ వేరు చేయండి.

తర్వాత మీ పని చాలావరకు మౌనం. వారు ఆగిపోతే ‘ఇప్పుడు ఏం ఆలోచిస్తున్నారు?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. ‘ఇది నొక్కమంటారా?’ అని వారు అడుగుతారు. ‘నేనిక్కడ లేకపోతే ఏం చేసేవారండీ?’ అనండి. ‘బాగా చేశారు’ అనకండి. తర్వాతి పనికి ఆ మాట రాకపోతే తాము తప్పు చేశామనుకుంటారు. డిజైన్‌ను సమర్థిస్తూ ఒక్క మాట కూడా వద్దు.

కళ్లు మాత్రం వేళ్ల మీద ఉంచండి. ఊరికి వెళ్లాల్సిన పని ఇచ్చారనుకుందాం. పాత డిజైన్ బాగా తెలిసిన ఒకావిడ ఫోను అందుకోగానే బొటనవేలు అడుగున కుడి మూలకు వెళ్తుంది. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు. వేలు గాలిలో ఆగుతుంది, కొద్దిగా వెనక్కి వస్తుంది, చూపు తెర అంతా తిరిగి పైన మెనూ దగ్గర నిలుస్తుంది. నొక్కుతారు, పని అయిపోతుంది. అంతా కలిపి కొన్ని క్షణాలు. ఎలా ఉందని అడిగితే ‘బాగానే ఉందండీ, సులువుగానే ఉంది’ అంటారు. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. తమ ప్రవర్తన వెనక కారణాలను మనుషులు నమ్మకంగా చెప్పలేరని నిస్బెట్, విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1977లోనే చూపించారు. చెప్పిన మాటా రాసుకోండి, చేసిన పనీ రాసుకోండి. రెండూ పొసగకపోతే చేసినదాన్నే నమ్మండి.

ఇప్పుడు అసలు విషయం: ఆ తడబాటు ఏ రకానిది?

వంటింట్లో డబ్బాలు సర్దిన మర్నాడు చెయ్యి పాత అర వైపే పోయినట్టు, అలవాటు వల్ల వచ్చే తడబాటు పాతవారిలోనే కనిపిస్తుంది, పాత బటన్ ఉన్నచోటే కనిపిస్తుంది. అదే పనిని వివరాలు మార్చి కాసేపటి తర్వాత మళ్లీ ఇస్తే తగ్గుతుంది, మూడోసారికి దాదాపు పోతుంది. కొత్తదనం వల్ల వచ్చేది రెండు గుంపుల్లోనూ ఉంటుంది, కానీ మొదటిసారే. డిజైన్ లోపం ఇద్దరిలోనూ ఉంటుంది, మళ్లీ చేయించినా ఉంటుంది. యాప్‌ను ఎన్నడూ చూడనివారు కూడా రెండోసారి ‘నా అపాయింట్‌మెంట్లు’ కోసం అటూ ఇటూ వెతుకుతుంటే, అలవాటు అన్న మాట ఇక ఎత్తకూడదు. అందుకే ముఖ్యమైన పని ఒకరి పరీక్షలోనే కనీసం రెండుసార్లు, పాతవారికైతే మూడుసార్లు వచ్చేలా పథకం వేయండి. ఈ ఒక్క ఏర్పాటు లేకుండా పై మూడింటినీ విడదీయడానికి వేరే దారి నాకు కనిపించదు.

వీటికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది: తడబాటే లేని తప్పు. తేదీ మార్చామనుకుని ఆనందంగా ఫోను పక్కన పెడతారు. నిజానికి మారింది గుర్తుచేసే సందేశం వచ్చే సమయం మాత్రమే. ముఖంలో ఇబ్బంది ఉండదు, వేలు ఆగదు. ముందుగా రాసుకున్న ‘ఏ స్థితి వస్తే పని అయినట్టు’ అన్న వాక్యంతో చివరి తెరను పోల్చినప్పుడే ఇది దొరుకుతుంది. వెంటనే సరిచేయకండి. ‘ఇప్పుడు మీ అపాయింట్‌మెంట్ ఎప్పుడుందో చెప్పగలరా?’ అని అడిగి, జవాబు రాసుకోండి.

గడువు దాటితే మృదువుగా ఆపి తర్వాతి పనికి వెళ్లండి. ఎవరైనా నిజంగా బాధపడుతుంటే, తమను తాము నిందించుకుంటుంటే, అక్కడితో ముగించండి. ఏ సమాచారమూ అంతకంటే విలువైనది కాదు.

ఎలా రాసుకోవాలి

చూసినది ఒకచోట, మీ ఊహ వేరొకచోట. ఒక వరుస ఇలా ఉంటుంది:

12:40 – పని 3, రెండోసారి. వేలు అడుగున కుడివైపు ఆగింది, నొక్కలేదు. తర్వాత పైన మెనూ. మాట: ‘ఆ, ఇక్కడ కదా.’ ఊహ: అలవాటు? మొదటిసారికంటే త్వరగా దొరికింది.

‘అయోమయపడ్డారు’ అని రాయకండి. అది తీర్పు. వారం తర్వాత చదివితే ఏం జరిగిందో దాన్నుంచి తెలియదు.

ప్రతి పని తర్వాత ‘ఇది ఎంత సులువుగా అనిపించింది?’ అని ఒకటి నుంచి ఏడు దాకా ఒక అంకె అడగండి. చివరన ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) అనే, వాడకంలోని సౌలభ్యాన్ని కొలిచే ప్రశ్నావళి ఇవ్వొచ్చు. జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన ఆ పది వాక్యాల పత్రానికి సున్నా నుంచి వంద దాకా మార్కు వస్తుంది. సగటు 68 దగ్గర ఉంటుంది. అది శాతం కాదు. పాతదానికీ కొత్తదానికీ ఒకే పత్రం వాడితే పోలికకు పనికొస్తుంది, అంతకుమించి ఏం సరిచేయాలో అది చెప్పదు.

చూసినదాన్ని తేల్చడం

ఆరోజు చూసినవారందరూ ఆరోజే కూర్చుని మాట్లాడుకోవాలి. అయితే అంతకంటే ముందు కనీసం ఇద్దరు ఎవరికివారు సమస్యల జాబితా రాయాలి. ఒకే వ్యవస్థను ఒకే పద్ధతిలో పరిశీలించిన ఇద్దరి మధ్య ఏకాభిప్రాయం సగటున అయిదు శాతం నుంచి 65 శాతం మధ్యే ఉంటోందని హెర్ట్‌జుమ్, యాకబ్సెన్ అనే పరిశోధకులు అనేక అధ్యయనాలను సమీక్షించి చెప్పారు. ఈ రంగ నిపుణుడు రోల్ఫ్ మోలిక్ నిర్వహించిన ఒక పోలికలో తొమ్మిది జట్లు హాట్‌మెయిల్ అనే ఈమెయిల్ సేవను విడివిడిగా పరీక్షించి మొత్తం 310 సమస్యలు చెబితే, వాటిలో 232 ఒక్కొక్క జట్టుకే కనిపించాయి. ఒంటరిగా చూసేవారి కంటికి అందనిది చాలా ఉంటుంది.

తీవ్రతను మూడు ప్రశ్నలతో తేల్చండి: ఎంతమందికి ఎదురైంది, పని ఆగిపోయిందా ఆలస్యమైందా, తప్పు జరిగిందని వారికి తెలిసిందా. చివరిదానికి ‘లేదు’ అని వస్తే ఒక్కరికే ఎదురైనా జాబితాలో పైన పెట్టండి.

అంకెల విషయంలో నిగ్రహం అవసరం. అయిదుగురిలో నలుగురు పని ముగించారంటే నివేదికలో ‘80 శాతం విజయం’ అని రాయాలనిపిస్తుంది. కానీ వాడేవారందరితో చేయిస్తే వచ్చే అసలు విజయ శాతం, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగినంతలో, సుమారు 36 నుంచి 98 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ‘అయిదుగురిలో నలుగురు’ అనే రాయండి. సమయాలకు మామూలు సగటు వాడితే ఎక్కువసేపు చిక్కుకున్న ఒక్కరు అంకెనంతా లాగేస్తారు. కొద్దిమందే ఉన్నప్పుడు గుణోత్తర సగటు (అంకెలన్నిటినీ గుణించి, ఎన్ని అంకెలుంటే అన్నో మూలం తీయడం) మేలు.

నివేదికలో ప్రతి సమస్యకూ ఏం జరిగింది, ఏ గుంపులో, ఎన్నిసార్లు చేయించినా ఉందా అన్నవి ముందు రావాలి, వీలైతే అర నిమిషం వీడియోతో. ఆ వీడియో చూపించడానికి సమ్మతి ఉందో లేదో చూసుకోండి. పరిష్కారాన్ని వేరుగా రాయండి, లేకపోతే చర్చ సమస్యను వదిలి పరిష్కారం నచ్చిందా లేదా అన్నదాని మీదికి పోతుంది. బాగా పనిచేసినవీ రాయండి. సరిచేసే తొందరలో వాటిని చెడగొట్టకుండా ఉండడానికి అదొక్కటే రక్షణ.

విడుదల తర్వాత రెండోసారి

అలవాటు వల్ల అని గుర్తు వేసిన తడబాట్లు నిజంగా పోయాయో లేదో తెలిసేది ఇక్కడే. విడుదలైన మూడు నాలుగు వారాలకు పాతవారిలో కొందరిని మళ్లీ పిలిచి అవే పనులు చేయించండి. అప్పటికీ వేలు కుడి మూలకే వెళ్తుంటే ఆ గుర్తును కొట్టేసి, డిజైన్ లోపాల జాబితాలో చేర్చండి. ఈలోగా సహాయ కేంద్రానికి వచ్చే ఫిర్యాదుల్లో ఏ పని పేరు పదేపదే వస్తోందో గమనిస్తూ ఉండండి.

ఈ విడతలో పనుల మాటలు మార్చాలని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒక్క పదం మార్చినా ఆ పనికి పాత అంకెలతో పోలిక తెగిపోతుంది. మార్చక తప్పకపోతే దాన్ని కొత్త పనిగా లెక్కించి, పాత డిజైన్ నకలు ఇంకా ఎక్కడైనా నడుస్తుంటే రెండింటి మీదా మొదటి నుంచి చేయించండి.